వార్షిక నివేదిక: పోలండ్ నుంచి వలసవచ్చిన పూర్వీకుల జాడ

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారం.

మన సభ్యుల ఇళ్లలోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చినవారిలో పోలిష్ మూలాలవారు ఉన్నారు. వారి ముత్తాతలు ఏ ఊరు విడిచి అమెరికా ఓడ ఎక్కారో పాత రికార్డుల్లో వెతకడమే ఈ ఏడాది మన ప్రధాన కార్యక్రమం. పిల్లలకు రెండు వైపుల ఊళ్లూ తెలియాలన్నదే మన కోరిక.

అన్ని బైఠక్‌లలోనూ పదేపదే చెప్పుకున్నది ఒక్కటే. ఊరు తేలేదాకా పోలండ్ రికార్డుల జోలికి వెళ్లకూడదు. అక్కడి జనన, వివాహ, మరణ పుస్తకాలు పారిష్‌ల వారీగా, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్ల వారీగా ఉంటాయి. ఇంటిపేరు ఒక్కటీ పట్టుకుని వెళితే అదే పేరున్న వేరే కుటుంబాన్ని మన కుటుంబం అనుకుని తరాల కొద్దీ రాసుకుపోతాం. మన ఇంటిపేర్లలాగే పోలిష్ ఇంటిపేర్లలోనూ ఊరిపేర్ల నుంచి పుట్టినవి చాలా ఉన్నాయి. కానీ ఆ ఊరే ముత్తాత పుట్టిన ఊరు కావాలని లేదు.

అమెరికా వైపు కాగితాలు

1795 నుంచి 1918 దాకా పటంలో పోలండ్ దేశమే లేదు. రష్యా, ఆస్ట్రియా, ప్రష్యా (తర్వాత జర్మనీలో భాగం) దాన్ని పంచుకుని ఏలాయి. అందుకే జనాభా లెక్కల్లో పుట్టిన దేశం రష్యా, ఆస్ట్రియా, జర్మనీ అని ఉంటుంది. దాన్ని తప్పని కొట్టిపారేయకండి. ముందుముందు ఏ భాషలో, ఏ తీరు పుస్తకంలో వెతకాలో చెప్పేది ఆ మాటే.

ఊరి పేరు దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది అమెరికాలోని పోలిష్ చర్చి పెళ్లి పుస్తకంలో. తర్వాత పౌరసత్వ పత్రాలు. 1906 సెప్టెంబరు 27కు ముందువాటిలో పెద్దగా ఏమీ ఉండదు. ఆ తర్వాతివాటిలో పుట్టిన చోటు, ఓడ పేరు, దిగిన తేదీ ఉంటాయి. ముత్తవ్వ పేరిట విడిగా పత్రం లేకపోతే కంగారు పడొద్దు. 1922 సెప్టెంబరు దాకా భర్త పౌరసత్వమే భార్యకూ వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక నమోదు కార్డుల్లో 1917 జూన్ 5 నాటివి పుట్టిన ఊరు అడిగాయి, 1918 సెప్టెంబరు 12 నాటివి అడగలేదు. 1936 తర్వాతి సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది.

ఓడ జాబితాల్లో 1907 తర్వాతివి రెండు పేజీలవి. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, ఊరు అందులో రాయించేవారు. రెండో పేజీ తెరవకుండా వెనక్కి రావడం మన బైఠక్‌లలో చాలాసార్లు జరిగిన పొరపాటు. బయలుదేరిన రేవు హాంబర్గ్ అయితే 1850 నుంచి 1934 దాకా జాబితాలు చాలావరకు నిలిచాయి. బ్రెమెన్ అయితే పాతవి దాదాపు మిగల్లేదు.

న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు పేర్లు మార్చారన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. వాళ్లు ఓడ ఎక్కిన రేవులోనే తయారైన జాబితాతో సరిచూసేవారంతే. పేర్లు మారింది తర్వాత, పనిలోనూ బడిలోనూ. వోయ్‌చెహ్ ఆల్బర్ట్ అయ్యాడు, స్తనిస్వావ్ స్టాన్లీ అయ్యాడు, చెస్వావ్ చెస్టర్ అయ్యాడు. ఓడ జాబితాలో పోలిష్ పేరుతోనే వెతకాలి. అడ్డుగీత ఉన్న పోలిష్ 'ఎల్'ను సూచికలు రాసేవారు 'టీ' అని చదివేస్తుంటారు కాబట్టి ఆ అక్షరంతోనూ వెతికి చూడండి.

పోలండ్ వైపు

ఎక్కువ సమయం పట్టింది రష్యా ఏలుబడిలోని ప్రాంతానికే. వార్సా చుట్టుపక్కల ప్రాంతాల్లో 1808 నుంచి నమోదులన్నీ పేరా రూపంలో ఉంటాయి. 1868 దాకా పోలిష్‌లో, ఆపైన మొదటి ప్రపంచ యుద్ధం దాకా రష్యన్‌లో రాశారు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవబోకండి. ఏడాది చివర పేర్ల సూచిక ఉంటుంది, దాన్ని స్కొరోవిద్జ్ అంటారు. అందులో నమోదు సంఖ్య చూసుకుని ఆ పేజీకి వెళ్లాలి. రష్యన్ నమోదులో తేదీలు రెండు ఉంటాయి. 19వ శతాబ్దంలో పాత, కొత్త క్యాలెండర్లకు 12 రోజుల తేడా, 1900 మార్చి నుంచి 13. 1889 మార్చి 5, మార్చి 17 అని కనిపిస్తే రెండూ ఒకే రోజు. అమెరికా కాగితంలో వీటిలో ఏదైనా ఉండొచ్చు. పైగా పేరా మొదట్లో ఉండేది నమోదు తేదీ. పుట్టిన తేదీ లోపల ఉంటుంది.

పెళ్లి నమోదు దొరికితే అలెగాటా కూడా వెతకండి. అవి పెళ్లికి జతచేసిన కాగితాలు. వేరే పారిష్ నుంచి వచ్చిన వరుడి బాప్తిస్మ పత్రం నకలు అందులో ఉంటే తర్వాతి మెట్టు చేతికి అందినట్టే.

ఆస్ట్రియా వైపు గలీషియాలో పుస్తకాలు లాటిన్‌లో, గళ్ల పట్టీలుగా ఉంటాయి. వోయ్‌చెహ్ అక్కడ అడాల్బెర్టుస్. ఇంటి నెంబరు గడి వదలొద్దు. ఒకే పేరున్న రెండు కుటుంబాలను వేరుచేసేది అదే. ప్రష్యా వైపు 1874 అక్టోబరు 1 నుంచి జర్మన్‌లో పౌర నమోదు ఉంది. 19వ శతాబ్దపు పెళ్లిళ్లకు పోజ్నాన్ ప్రాజెక్ట్ సూచిక బాగా పనికొచ్చింది.

ఎక్కడ ఆగిపోయాం

'నోవా వియెష్' అంటే కొత్త ఊరు. మన కొత్తపల్లిలాగే అదీ ఎన్నోచోట్ల ఉంది. పారిష్, జిల్లా పేర్లు తోడు లేకుండా తేలదు. ఇంకో చిక్కు విభక్తిది. ఇల్లు 'ఇంట్లో' అయినట్టు, క్రాకువ్ అన్న ఊరు వాక్యంలో 'క్రకోవ్యే' అవుతుంది. నమోదులోని రూపాన్నే పటంలో వెతికితే దొరకదు.

గెనెటెకా అనే ఆన్‌లైన్ సూచికలో పేరు లేకపోతే నమోదే లేదని తీర్మానించుకోవడం మూడో పొరపాటు. దాన్ని వాలంటీర్లు ఇంకా రాస్తూనే ఉన్నారు. ఆ పారిష్‌కు ఏయే సంవత్సరాలు పూర్తయ్యాయో ముందు చూసి, లేనివాటికి పోలండ్ ప్రభుత్వ ఆర్కైవుల స్కాన్లు తిరగేయాలి. జననాలు 100 ఏళ్లు, వివాహ మరణాలు 80 ఏళ్లు స్థానిక నమోదు కార్యాలయంలోనే ఉండి ఆ తర్వాతే ఆర్కైవుకు చేరతాయి. ఆ గడువు దాటనివాటికి కార్యాలయానికి పోలిష్‌లో దరఖాస్తు రాసి బంధుత్వం రుజువు జతచేయాలి.

వచ్చే ఏడాది రష్యన్ చేతిరాత చదవడంపై వరుస శిక్షణ పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. వచ్చేవారు పౌరసత్వ పత్రం, ఓడ జాబితా రెండు పేజీలు, చర్చి పెళ్లి నమోదు నకళ్లు తెచ్చుకోండి. అసలు ప్రతులు ఇంట్లోనే భద్రంగా ఉంచండి.