బురద పుట్టించిన మంచు

ఒరేయ్ లాగూ,

తిట్టుకునే ఉంటావు. రెండు నెలలుగా నీ ఉత్తరానికి జవాబు లేదంటే తప్పు నాదే, సాకులు చెప్పను. ఇంట్లో అంతా కులాసా, దగ్గు తగ్గింది, నీ పుస్తకం భద్రంగానే ఉంది (అట్ట సంగతి మాత్రం అడగకు). కబుర్లు అయిపోయాయి. అసలు విషయం చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది.

"గుల్లలో సముద్రం వేడి ఎలా దాక్కుంటుందిరా, కోతలు కాకపోతే" అని రాశావు కదా. దాక్కుంటుంది. కానీ దాన్ని బయటపెట్టేది పెద్ద యంత్రం కాదు, కడుగుడు! గుల్ల గదిలో కంటికి ఆనని బురద మిగిలితే చాలు, లెక్కలో మంచుయుగపు సముద్రమట్టం ఇంకో పాతిక మీటర్లు దిగిపోతుంది. భూమ్మీద లేని మంచు పుట్టుకొస్తుంది. నమ్మవని తెలుసు, ఆగు.

ముందు ఆక్సిజన్. 1947లో హెరాల్డ్ యూరీ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పిన మాట ఇది: నీరు చల్లబడేకొద్దీ గుల్లలోకి బరువైన ఆక్సిజన్-18 కాస్త ఎక్కువగా చేరుతుంది. ఒక్కో డిగ్రీకి వెయ్యిలో 0.22 వంతు. బాగానే ఉంది. కానీ మంచుయుగంలో తేలిక ఆక్సిజన్ ఉన్న నీరే ఎక్కువగా ఆవిరై, మంచై నేలమీద కూర్చుంటే, మిగిలిన సముద్రమే బరువెక్కుతుంది కదా! గుల్లలో బరువు పెరిగింది చలివల్లా, మంచువల్లా? 1955లో ఎమిలియాని అనే భూవిజ్ఞాని అందులో పెద్ద వాటా చలిదే అన్నాడు. 1967లో షాకిల్టన్ అనే ఇంకో భూవిజ్ఞాని వచ్చి కాదు, ఎక్కువ భాగం మంచుదే అన్నాడు. గెలిచింది షాకిల్టనే. అయినా ఒక సమీకరణం, రెండు తెలియని రాశులు. నీకు చెప్పాలా, ఎనిమిదో తరగతిలో మనిద్దరినీ బెంచీ ఎక్కించింది అదేగా.

రెండో సమీకరణం మెగ్నీషియం. అదే గుల్లలో కాల్షియానికి బదులు దూరే మెగ్నీషియం వేడితో పాటు పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 9 శాతం. ఇక్కడ నీ పేరు వస్తుందిరా! మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తిని (మోల్ కాల్షియానికి ఎన్ని మిల్లీమోల్‌లో) 0.38తో భాగించి, దాని సహజ లాగ్ తీసి, 0.09తో భాగిస్తే డిగ్రీలొస్తాయి. నిక్కరు కాదు, సంవర్గమానం. 4.0 వస్తే 26.2 డిగ్రీలు. 4.4 వస్తే 27.2. అంటే పది శాతం తప్పు చేస్తే ఒక డిగ్రీ పోయినట్టే.

ఇప్పుడు బురద. ఫోరామినిఫెరా అని ఏకకణ జీవులు, ఇసుక రేణువంత సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. చచ్చాక ఆ గూళ్లు అడుక్కి చేరి బురదలో కూరుకుపోతాయి. గూడంటే ఒక గది కాదు, బుడగ మీద బుడగ, ప్రతి గదిలో మెత్తటి బంకమట్టి. ఆ మట్టిలో మెగ్నీషియం దండిగా ఉంటుంది, గుల్లలోనేమో చిటికెడే. ఇంకేముంది, కొంచెం మట్టే పది శాతం పెంచేస్తుంది.

కడగడం ఇలా. సూక్ష్మదర్శిని కింద, తడిపిన సన్నటి కుంచెతో ఒకే జాతి గుల్లలు ఏరాలి, గ్లోబిజెరినాయిడెస్ రూబర్ అనుకో, 250 నుంచి 350 మైక్రాన్ల జల్లెడ మధ్యవే, ఇరవై ముప్పై. చిన్నాపెద్దా కలిపితే వేర్వేరు లోతుల్లో పెరిగినవి కలుస్తాయి. తర్వాత రెండు గాజు పలకల మధ్య పెట్టి, పై పలకను మెల్లగా నొక్కాలి. ఇదే కీలకం! ప్రతి గదీ తెరుచుకోవాలి, పిండి మాత్రం కాకూడదు. తెరుచుకోకపోతే మట్టి లోపలే ఉంటుంది, పిండైతే నీళ్లతో పాటు గుల్లే కొట్టుకుపోతుంది. టక్ మని సన్నటి చప్పుడు, వేలికి తెలుస్తుంది, అక్కడ ఆగాలి.

ముక్కల్ని బుల్లి ప్లాస్టిక్ గొట్టంలో వేసి, అతిశుద్ధ జలం పోసి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఇక్కడే అందరూ తప్పు చేసేది: బుద్ధిమంతుల్లా అంతా అడుక్కి దిగేదాకా ఆగుతారు. అలా ఆగితే మట్టి మళ్లీ గుల్లమీదే కూర్చుంటుంది! ముక్కలు బరువు, క్షణాల్లో దిగుతాయి; మట్టి తేలుతూనే ఉంటుంది. ఆ సందులోనే పైనీళ్లు లాగేయాలి. బియ్యం కడిగిన కుడితి వంచినట్టు. నాలుగైదుసార్లు నీటితో, రెండుసార్లు మిథనాల్‌తో. మిథనాల్ నీటికన్నా పలచన, అంటుకున్న మట్టిని బాగా వదిలిస్తుంది.

తర్వాత జీవపదార్థం. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 10 మిల్లీలీటర్లలో 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 100 మైక్రోలీటర్లు, అప్పటికప్పుడు కలిపింది. గొట్టానికి 250 మైక్రోలీటర్లు పోసి, వేడినీటి తొట్టిలో పది నిమిషాలు. బుడగలు ముక్కల్ని పైకి లేపుతాయి, మధ్యలో గొట్టాన్ని తట్టాలి. కడిగి మళ్లీ ఒకసారి. ఆపైన 0.001 మోలార్ నైట్రిక్ ఆమ్లం, అరనిమిషం, వెంటనే నీళ్లు. చివరికి 0.075 మోలార్ నైట్రిక్‌లో కరిగించి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగు కదలకుండా పైద్రవం వేరే గొట్టంలోకి. వదిలేస్తే మిగిలిన మట్టిరేణువు ఆమ్లంలో నానుతూ మెగ్నీషియం వదులుతూనే ఉంటుంది.

కడుగుడు కుదిరిందో లేదో మెగ్నీషియం చెప్పదు. ఇనుము, అల్యూమినియం, మాంగనీస్ కూడా కొలవాలి. ఇనుము-మెగ్నీషియం మోల్ నిష్పత్తి 0.1 దాటితే ఆ ఫలితాన్ని అనుమానించాలి. ఇనుము పెరిగినచోటల్లా మెగ్నీషియమూ పెరిగితే, అది వేసవి కాదురా, మట్టి.

ఇక పాతిక మీటర్లు. గుల్లలో ఆక్సిజన్ నేటికన్నా వెయ్యికి 1.6 బరువు అనుకో. మెగ్నీషియం 3 డిగ్రీలు చల్లన అంటే, చలి వాటా 0.66, నీటి వాటా 0.94. మంచుయుగం ఉచ్ఛస్థితిలో సముద్రం వెయ్యికి సుమారు 1 బరువెక్కింది, సముద్రమట్టం 120 మీటర్లు దిగింది. సరిపోయింది. ఇప్పుడు మట్టి ఒక డిగ్రీ వేడి కలిపిందనుకో: చలి 2 డిగ్రీలే, దాని వాటా 0.44, నీటి వాటా 1.16. ఆ 0.22 తేడాని మీటర్లలోకి మారిస్తే 26! ఎక్కడా యంత్రం తప్పు లేదు. మంచు పుట్టింది గొట్టంలో.

అలాగని కడుగుడుతో అన్నీ పోవు. లోతు సముద్రంలో గుల్ల కరుగుతుంది, మెగ్నీషియం ఎక్కువున్న భాగాలు ముందు కరుగుతాయి, లెక్క చల్లబడుతుంది. ఒకే సైజు గుల్లలు తేలికవుతున్నాయేమో తూచి చూడాలి. నీటి ఉప్పదనం పెరిగినా మెగ్నీషియం కొద్దిగా పెరుగుతుంది. గుల్లకి అంటిన మాంగనీస్ పొరని వదిలించడానికి హైడ్రజీన్ అనే రసాయనం వాడతారు, విషం, గుల్లని కూడా తింటుంది. నిష్పత్తి సుమారు పది శాతం తగ్గుతుంది. ఆ పద్ధతి అంకెల్ని ఈ పద్ధతి అంకెల పక్కన పెట్టి గీత గీస్తే... వద్దులే, కోపమొస్తోంది.

అన్నట్టు ఒకటి. 1951లో యూరీ బృందం జురాసిక్ కాలపు ఒక బెలెమ్నైట్‌ని (స్క్విడ్‌కి దూరపు చుట్టం, ఇప్పుడు లేదు) పొర పొరగా గీకి కొలిచింది. ఆ జీవి చిన్నతనం దాటాక మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, వసంతంలో చచ్చిపోయిందట. అది చదివితే ఏదోలా ఉంటుంది. పేరైనా లేని ప్రాణి, చచ్చిన ఋతువు మాత్రం తెలిసింది.

నత్తగుల్లల సంగతి వేరు. వాటిలో చాలావరకు అరగొనైట్, అంటే సున్నపు ఖనిజంలో ఒక రూపం, డ్రిల్లు గట్టిగా నొక్కితే ఆ వేడికే కాల్సైట్ అనే ఇంకో రూపమై కూర్చుంటుంది, అందుకని వేగం తగ్గించి... అయ్యో, టపా ఎత్తే వేళయింది. మిగతాది మళ్లీ. అట్ట సంగతి నిజంగానే అడగకు.

నీ
బెంచీ