సగటు ఒక్కటే చూస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వ్యాపారంలో గణాంకశాస్త్రం అనగానే చాలామంది సగటు దగ్గరే ఆగిపోతున్నారు. నా బాధంతా అదే. మర్నాటికి నిల్వ ఉండని ఒక వస్తువు ఐదు రోజుల్లో 10, 12, 11, 9, 58 చొప్పున అమ్ముడైందనుకోండి. సగటు 20. అది నమ్మి రోజూ 20 తెప్పిస్తే నాలుగు రోజులు సగం సరుకు మిగిలిపోతుంది, ఐదో రోజు చాలక టెన్షన్. అంకెలను వరుసగా పేరిస్తే మధ్యలో నిలిచేది 11. మామూలు రోజు గిరాకీ అదే. ఆ 58 ఎందుకొచ్చిందో విడిగా ఆరా తీయాలి.

గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గోసెట్, ఇలాంటి కొద్దిపాటి అంకెలున్న చిన్న నమూనాలతోనూ నమ్మదగిన అంచనాకు రావడమెలాగో 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించాడు. కామర్స్ తరగతుల్లో సూత్రాలు బట్టీ పట్టించడం మాని, అమ్మకాల చిట్టా ముందుపెట్టి నేర్పించండి.

– ఒక కామర్స్ అధ్యాపకురాలు