చేదు వేరు గురించి అడిగావు కదా, తల్లీ

విజయనగరం

చిట్టితల్లికి,

నువ్వు పంపిన క్రీమ్ ఫొటో చూశాను. అట్ట మీది చిన్న అక్షరాలు మీ అమ్మ చేత చదివించుకున్నాను. జెన్షియన్ వేరు సారం ఉందట. బెంగళూరు గాలికి బుగ్గలు పొలుసులు లేచి మండుతున్నాయన్నావు. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస.

ఆ వేరు మన మూలికల కొట్లో దొరకదమ్మా. అది యూరప్ కొండల మొక్క, పసుపు పూలు పూస్తుంది. చిన్నప్పుడు నీ నోటిపూతకు రాసిన ఊదా మందు, జెన్షియన్ వైలెట్, దీంతో చేసింది కాదు. అది రసాయన రంగు.

ఈ జెన్షియన్ వేరులో అమరోజెంటిన్ అని చేదు పదార్థం ఒకటుంది. ఒక వంతుకు 5 కోట్ల 80 లక్షల వంతుల నీళ్లు కలిపినా నాలుకకు చేదు తెలుస్తుందట! చేదును పసిగట్టే గ్రాహకాలు నాలుక మీదే కాదు, చర్మ కణాల్లో కూడా ఉన్నాయని 2015లో జర్మనీ పరిశోధకులు చూపించారు. జెన్షియన్ సారం తగిలితే ఆ కణాలు చర్మాన్ని కాపాడే కొవ్వులను ఎక్కువ తయారు చేస్తాయని కూడా తర్వాత తేల్చారు. నీలాంటి పొడి చర్మానికి కావలసింది అదే. కాకపోతే అవి ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, కొద్దిమంది మనుషుల మీద చేసిన పరీక్షలే. అందుకే క్రీమ్ వాడు, అద్భుతం మాత్రం ఆశించకు.

"మన కటుకరోహిణి కూడా చేదే కదా, నూరి రాసుకోనా?" అన్నావు. వద్దు తల్లీ. అది హిమాలయాల వేరు. చిటికెన వేలంత పుల్ల, బూడిద రంగు బెరడు. విరిస్తే లోపల నల్లగా ఉంటుంది. గోరంత ముక్క నమిలితే అన్నం తినేదాకా చేదు పోదు. మహాతిక్తక ఘృతం అనే ఆయుర్వేద నేతి మందులో వేస్తారు, చర్మవ్యాధులకు వైద్యులు ఇస్తారు. కానీ అది లోపలికి పుచ్చుకునే మందు, లెక్క ప్రకారం కాచినది. నేను కొత్తగా కొట్టు పెట్టినప్పుడు మీ అత్త మొటిమలకు దీన్ని నిమ్మరసంలో నూరి రాయించాను. తెల్లారేసరికి బుగ్గ ఎర్రగా కంది, తోలు ఊడింది. పాపం, పెళ్లిచూపులకు వారం ముందు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

క్రీమ్ ముందు మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడు. దురద పెడితే మానెయ్. అట్ట మీద ఎక్కువున్న పదార్థం ముందు రాస్తారు. వేరు పేరు సువాసన తర్వాత ఎక్కడో చివర ఉంటే దానికోసం డబ్బులు పెట్టకు. స్నానం చేసిన వెంటనే, తడి ఆరకముందే రాయి. రెండు వారాల్లో మంట తగ్గకపోతే టెన్షన్ పడకుండా చర్మ డాక్టరుకు చూపించు.

సిరిమాను జాతరకు వచ్చేటప్పుడు ఆ ట్యూబు తెచ్చుకో. గంటస్తంభం దగ్గర దిగగానే ఫోన్ చెయ్యి, బండి వేసుకుని వస్తాను.

మీ నాన్న