చికెన్ పాస్తాకు ఎన్ని గ్లాసుల నీరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో 'అతిథులను ఆశ్చర్యపరిచే చికెన్ పాస్తా' అని అరపేజీ వంటకం వేశారు. ఫొటో బాగుంది. రాసినవారు దాన్ని ఒక్కసారైనా వండి చూశారా అన్నదే నా అనుమానం. పాస్తా ఉడికించడానికి ఒక గిన్నె, వార్చడానికి చిల్లుల గిన్నె, చికెన్ వేయించడానికి పెనం, తెల్ల సాస్‌కు మరో గిన్నె, చివరికి అంతా కలిపి ఒవెన్‌లో పెట్టడానికి గాజు పాత్ర. మొత్తం అయిదు. ఇవన్నీ ఎవరు తోమాలో మాత్రం రాయలేదు. ఇంతా చెప్పి, నీరు 'తగినంత', ఉప్పు 'రుచికి సరిపడా' అన్నారు. వంట వచ్చినవారికి తగినంత అంటే ఎంతో తెలుసు, వారికి మీ వంటకంతో పని లేదు. రానివారు ఆ మాట దగ్గరే ఆగిపోతారు.

నేను సఖినేటిపల్లి మండలంలో ఉంటాను. రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. కువైట్‌లో ఒక పెద్ద కుటుంబానికి చాలా ఏళ్లు వంట చేసి తిరిగివచ్చాను. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు ఏ ఊళ్లో అడిగినా ఇలా గల్ఫ్ వెళ్లివచ్చిన ఆడవాళ్లు కనిపిస్తారు. పత్రికల్లో మా ప్రస్తావన వచ్చేది ఏజెంటు మోసం చేసినప్పుడో, విమానంలో శవపేటిక దిగినప్పుడో. అవి రాయవలసిన వార్తలే, కాదనను. అయితే మేము అక్కడ పని కూడా నేర్చుకున్నాం. పాస్తాతో అతిథులను ఆశ్చర్యపరచమని మీరు రాస్తే మాలో చాలామందికి నవ్వు వస్తుంది. పాస్తాను అక్కడ మక్రోనా అంటారు, అది బడి నుంచి వచ్చిన పిల్లలకు పెట్టే మామూలు తిండి. పెద్ద వంట మధ్యాహ్నం జరిగేది, మచ్‌బూస్. కోడిని మసాలా దినుసులు, ఎండిన నిమ్మకాయ వేసి ఉడికించి, ఆ నీటిలోనే బియ్యం వండుతారు. ఆ ఇంటి పెద్దావిడ బియ్యం బదులు మక్రోనా పోసి అదే పద్ధతిలో దించేది. ఆమె వంటింట్లో పాస్తా నీరు తూములోకి పోవడం నేను చూడలేదు.

అక్కడ అది చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మన ఇళ్లలో అత్తెసరు పెట్టడం అంటే ఇదే కదా. ఎసరు కొలిచి పోస్తాం, గింజ ఆ నీటిని తాగేస్తుంది, వార్చే పని ఉండదు. గంజి వార్చే ఇళ్లలో కూడా దాన్ని ఊరికే పారబోసింది లేదు. పులియబెట్టే తరవాణి కుండలోకి వెళ్లేది, పశువుల కుడితిలోకి వెళ్లేది, నూలు చీరలకు పెట్టుకునేవాళ్లం. అలాంటి గోదావరి జిల్లాల పాఠకులకు 'నీరు పూర్తిగా వంపేయండి' అని చెప్పారు మీరు. ఇటలీలో పాస్తాను వారుస్తారు, నిజమే. కానీ ఆ నీటిలో కొంచెం దాచి సాస్‌లో కలుపుతారు, ఎందుకంటే పాస్తా విడిచిన పిండి వల్లనే సాస్ చిక్కబడి ముక్కకు పట్టుకుంటుంది. ఆ నీరంతా పారబోయించి, చిక్కదనం కోసం మళ్లీ మైదా, వెన్న, పాలు కలిపి తెల్ల సాస్ కాయమంటే దాన్ని ఏమనాలి? ఒక్క గిన్నెలో వండితే ఆ పిండి ఎక్కడికీ పోదు.

మీకు చోటు ఉంటే నా పద్ధతి వేయండి. నలుగురికి సరిపోతుంది. అరకిలో చికెన్, ఎముక లేని తొడ మాంసం. రొమ్ము మాంసమైతే త్వరగా పీచుబారి ఎండుతుంది. ముక్కలు అంగుళం సైజుకు మించకూడదు. పాస్తా 250 గ్రాములు, గొట్టాల్లాంటి పొట్టి రకం. పొడుగు స్పగెట్టీ అయితే గిన్నెలో అడ్డం పడి సగం ఉడికి సగం పచ్చిగా ఉంటుంది. ప్యాకెట్ వెనుక చదివి, డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినది తీసుకోండి. డ్యూరమ్ అంటే గట్టి గోధుమ, మన దేశంలో మధ్యప్రదేశ్ వైపు పండుతుంది. ఆ పాస్తా కొంచెం పసుపు రంగులో ఉండి, ఉడికినా ఆకారం నిలుపుకుంటుంది. మైదాతో చేసిన చౌక రకం ఇలా ఒకే గిన్నెలో వండితే ముద్ద అవుతుంది, దాన్ని కాపాడడం నావల్ల కాదు.

అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న తపేలాలో రెండు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక ముక్కలు ఒక వరుసలో పరవాలి. మంట పెద్దదిగా ఉంచి మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకుండా వదిలేయాలి. మనవాళ్లకు కష్టమైన పని ఇదే, చేయి ఊరుకోదు. కదపకుండా ఉంచితే కింద ఎర్రగా కాలుతుంది, అడుగున గోధుమరంగు పొర కడుతుంది. వంట రుచి సగం అందులోనే ఉంది. ముక్కలు తిప్పి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, దంచిన వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, చీల్చిన పచ్చిమిరపకాయలు రెండు వేయాలి. ఉల్లి మెత్తబడ్డాక నాలుగు టమాటాల ముక్కలు, చిన్న చెంచా మిరియాల పొడి, అర చెంచా కారం. టమాటా నీరు ఊరగానే గరిటెతో అడుగు గీకితే ఆ పొర మొత్తం కరిగి పులుసులో కలుస్తుంది. అక్కడ మాడి నల్లబడి ఉంటే గీకకండి, చేదు వస్తుంది.

ఇప్పుడు నీరు. పావు లీటరు గ్లాసుతో మూడు గ్లాసులు. ఉప్పు చిన్న చెంచాతో రెండు, తల గీసి. నీరు తెర్లిన తర్వాతే పాస్తా పోయాలి, చల్లటి నీటిలో పోస్తే అంటుకుంటుంది. నీరు పాస్తాను సరిగ్గా ముంచేంత ఉంటే చాలు. మంట తగ్గించి, మూత కొంచెం ఓరగా పెట్టి, రెండు మూడు నిమిషాలకు ఒకసారి అడుగు నుంచి కలపాలి. ప్యాకెట్ మీద పది నిమిషాలు అని ఉంటే ఇక్కడ పన్నెండు పదమూడు పడుతుంది, నీరు తక్కువగా ఉండడం ఒక కారణం, టమాటా పులుపు ఇంకో కారణం. పాస్తా పలుకుగా ఉండగానే నీరు ఇంకిపోతే అర గ్లాసు వేడినీరు పోయండి. అందుకే పక్క పొయ్యి మీద కాసిని నీళ్లు కాచి ఉంచుతాను. చివరికి అడుగున చిక్కటి పులుసు కొంచెం మిగిలి ఉండాలి. పూర్తిగా ఇంకేవరకు ఆగితే, వడ్డించేసరికి అది కూడా పాస్తా తాగేసి గట్టిపడుతుంది.

మీరు క్రీము, చీజ్ చెప్పారు. కోనసీమలో కూర్చుని క్రీము డబ్బా కోసం పంటు ఎక్కడం నాకు ఇష్టం లేదు. ఒక చెక్క కొబ్బరి తురిమి, చిక్కటి పాలు అర గ్లాసు పిండుకుంటాను. పొయ్యి ఆర్పాకే పోయాలి, మరిగితే విరుగుతాయి. మూత పెట్టి అయిదు నిమిషాలు వదిలేస్తే సర్దుకుంటుంది. చీజ్ ఇష్టమైనవారు అప్పుడు తురిమి వేసుకోవచ్చు. గరం మసాలా వద్దు, వేస్తే ఇన్ని తంటాలు పడి చివరికి కోడికూర రుచే వస్తుంది. కరివేపాకు వేయవచ్చా అని మా వీధిలో అందరూ అడిగారు. వేయండి, ఇటలీ నుంచి ఎవరూ వచ్చి చూడరు.

నాటుకోడితో మాత్రం ప్రయత్నించకండి. దాని రుచి సంగతి నాకు ఒకరు చెప్పనవసరం లేదు, కానీ అది మెత్తబడేసరికి పాస్తా జావ అవుతుంది. తప్పదనుకుంటే ముక్కలు ముందుగా కుక్కర్‌లో ఉడికించి, పాస్తాకు నీరు బదులు ఆ రసం కొలిచి పోయండి. అప్పుడు గిన్నెలు రెండవుతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. చికెన్‌ను 'మూడు నిమిషాలు వేయించి' అని రాశారు, ముక్క ఎంత ఉండాలో రాయలేదు. మొన్నమొన్నటి సంగతిలాగే మాకు గుర్తుంది: 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరు, తణుకు మండలం వేల్పూరు వైపు కోళ్లలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు గోదావరి జిల్లాల్లో చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. మాంసం లోపలి వరకు 70 డిగ్రీలు దాటి ఉడికితే ఆ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మామూలు రోజుల్లో కోడిమాంసంలో ఉండే క్రిములకు 74 డిగ్రీలు లెక్క. కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో ముక్కలో గుచ్చి చూసే సూది థర్మామీటరు ఉండేది. ఇక్కడ అది లేకపోయినా అన్నిటికన్నా పెద్ద ముక్కను విరిచి చూడవచ్చు, లోపల గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. ఒకే గిన్నెలో వండినప్పుడు పాస్తా ఉడికినంతసేపూ ముక్క కూడా ఉడుకుతున్న నీటిలోనే ఉంటుంది కనుక పచ్చిగా మిగిలే భయం తక్కువ.

చికెన్‌ను కుళాయి ధార కింద కడగవద్దని కూడా ఒక మాట వేయండి. నీటి తుంపరలతో క్రిములు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడతాయి. ఎలాగూ వండితే చస్తాయి కాబట్టి కడగకపోయినా నష్టం లేదు. మా అత్తగారు ఈ మాట వినరు. పసుపు వేసి కడగని కోడి ఆమెకు మైలే. అందుకని మా ఇంట్లో బేసిన్‌లో నీరు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీరు గట్టు మీద చిందకుండా పారబోసి, బేసిన్‌ను, చేతులను సబ్బుతో కడగడం అనే ఒప్పందం నడుస్తోంది. నేను సాయంత్రాలు లేసు అల్లుతాను, చేతికి కోడి జిడ్డు ఉంటే తెల్లదారం పాడవుతుంది. కాబట్టి చేతుల విషయంలో నాకు వేరే కారణం కూడా ఉంది. పాస్తా ఉడికే ఆ పన్నెండు నిమిషాల్లో నేను పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని ఒకటి రెండు వరుసలు అల్లుకుంటాను. మీ అయిదు పాత్రల పద్ధతిలో అది కుదరదు.

ఈ గొట్టాలేమిటే అని మొదట్లో మూతి తిప్పిన అత్తగారే ఇప్పుడు ఆదివారం రాగానే అడుగుతారు. అన్నం లేకపోతే భోజనం చేసినట్టు ఉండదని మా ఆయన అంటారు, ఆయన కోసం పక్కన కొంచెం అన్నం, పెరుగు ఉంటాయి. ఎవరినీ మార్చాలని నేను వండడం లేదు.

మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎండాకాలంలో ఇంకా ముందే. చద్దన్నానికి అలవాటుపడ్డ ఇళ్లలో దీన్ని కూడా అలాగే గట్టు మీద వదిలేస్తున్నారు, అందుకే రాస్తున్నాను. ఇందులో మాంసం ఉంది, కొబ్బరిపాలు ఉన్నాయి. రాత్రంతా కరెంటు పోయి ఉంటే మర్నాడు వాసన చూసి నిర్ణయించవద్దు, పారేయండి. బాగా ఉన్నదైతే పావు గ్లాసు నీరు చిలకరించి, పొగలు వచ్చేదాకా వేడిచేయాలి.

వచ్చే ఆదివారం రొయ్యల రిసోటో వేస్తున్నట్లు ప్రకటించారు. అది కూడా ఇటలీవారు బియ్యంతో చేసే వంటే. ఏ రకం బియ్యం వాడాలో, గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీరో, ఎంతసేపు కలపాలో దయచేసి అంకెలతో రాయించండి. రొయ్యల సంగతి మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ జిల్లా