సెన్సార్ సర్టిఫికెట్ అడిగిన హాలు అధికారి గారికి

అయ్యా, నమస్కారం.

మొన్న హైదరాబాద్‌లో జరిగిన ఎల్‌జీబీటీ చిత్రోత్సవంలో నా 14 నిమిషాల సినిమా వెయ్యాల్సింది. ఇద్దరమ్మాయిలు కాపురం పెట్టి, మొదటిసారి ఆవకాయ కలుపుకునే కథ. అంతే. షోకి గంట ముందు మీవాళ్లు సెన్సార్ సర్టిఫికెట్ అడిగారు. చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఇచ్చే మినహాయింపు ఉత్తరం చూపించినా, "పైనుంచి ఫోన్ రావాలి" అన్నారు.

నా సినిమా చూద్దామని మా అమ్మ గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చింది. రెండు గంటలు మీ మెట్ల మీదే కూర్చుంది. చివరికి ఒక స్నేహితురాలి మేడ మీద దుప్పటి కట్టి వేశాం. "ఆ పిల్లలు ఉప్పు ఎక్కువేశారే" అంది అమ్మ.

పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదని, ఐపీసీ 377 సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6నే వచ్చింది. ఇంకా ఏ కాగితం కావాలో రాసివ్వండి. హాలు అద్దె కూడా తిరిగివ్వండి.

ఇట్లు,
ఒక దర్శకురాలు