వెనక వైపు సైరన్ ఎందుకు మోగలేదంటే

బండ్లు నిలిపే మన యార్డులో రాత్రిపూట రెండు బండ్ల బ్యాటరీలు పోయిన మాట నిజమే. ఆ నోటా ఈ నోటా ఈపాటికి వినే ఉంటారు. ఆ బండ్లవాళ్లిద్దరికీ కొత్తవి బిగించి ఇచ్చేశాం. ఆ లెక్క తీరింది.

తీరనిది సైరన్ లెక్క. వెనక వైపు ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ బీమ్. ఒక చివర నుంచి కిరణాలు వెళ్తాయి, ఇంకో చివర అందుకుంటుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మోగాలి. కిరణం తిన్నగా పోతుంది, మన నేల తిన్నగా లేదు. మూల దగ్గర వాననీరు పోయే పల్లం ఉంది కదా, అక్కడ కింది కిరణానికీ నేలకూ మధ్య మనిషి పాక్కుంటూ రాగలిగినంత సందు. ఆ పల్లాన్ని పని మొదలుపెట్టకముందే చేత్తో చూపించాను. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్నాడు బిగించినతను. ఇప్పుడు ఫోన్ చేస్తే పరికరంలో ఏ లోపమూ లేదంటాడు. నిజమే, దట్టంగా మంచు పడితే మోగుతుంది, గడ్డి పెరిగితే మోగుతుంది. దొంగ వచ్చినప్పుడే దానికి నిద్రపట్టింది.

ఇక కరెంటు కంచె. పెట్టెయ్యమని మీలో చాలామంది అన్నారు, నాకూ ఆశ పుట్టింది. అది ఇంటి కరెంటు లాంటిది కాదు. ఎనర్జైజర్, అంటే కంచెకు కరెంటు పంపే పెట్టె, సుమారు సెకనుకోసారి కొన్ని వేల వోల్టుల దెబ్బ పంపుతుంది, ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. గట్టిగా జిల్లుమంటుంది తప్ప మనిషిని చంపడానికి చేసింది కాదు. తీగ తెంపినా, నేలకు తగిలించినా అలారం వస్తుంది. ఇన్ని సుగుణాలున్నా వద్దనుకున్నాను. మన వెనక గోడ పొట్టిది, అవతల బడిపిల్లలు నడిచే దారి. బోర్డు పెట్టినంత మాత్రాన పిల్లాడి చెయ్యి ఆగదు. ఈ మాటకు ఒక పాత కస్టమర్ నన్ను పిరికివాడన్నారు. మనసు నొచ్చుకుంది, నిర్ణయం మారలేదు.

గోడకు లోపలగా వెల్డ్ మెష్, అంటే అతికించిన ఇనప తీగల జాలీ, కంచెగా వేసి, దాని పొడవునా వైబ్రేషన్ సెన్సర్ కేబుల్ కట్టిస్తున్నాను. ఎక్కినా, కోసినా ఆ అదురును పట్టుకుంటుంది. నేల ఎలా వంగితే కంచె, కేబుల్ అలా వంగుతాయి, పల్లంలో అడుగున కాంక్రీటు పోయిస్తున్నాం. మెష్ వదులుగా ఉంటే గాలికే మోగుతుంది కాబట్టి ముందు స్తంభాలు, బిగింపు, తర్వాతే కేబుల్. ఏ భాగంలో అలారం వస్తే అటు కెమెరా తిరుగుతుంది. పని పూర్తయ్యేదాకా వెనక వైపు రాత్రి వాచ్‌మన్ అదనంగా ఉంటాడు.

ఈసారి బిగించేవాళ్లకు ముందే చెప్పేశాను. మావాళ్లు చీకట్లో, వానలో ఎక్కి, కదిపి, పాకి చూస్తారు. అన్నిసార్లూ పట్టుకుంటేనే చివరి చెల్లింపు. ముఖం మాడ్చుకున్నారు, ఒప్పుకున్నారు.

కంచెను తాకకుండా దూకితే ఆ కేబుల్‌కు తెలియదు. అందుకని కంచె పక్కన బండి నిలపడం ఇక కుదరదు, బండి టాపు దొంగకు నిచ్చెనే. వెనక వరస తీసేసి ఆ బండ్లకు మధ్యలో చోటు ఇస్తున్నాం. కంచె మీదికి వాలిన చెట్టు కొమ్మలూ కొట్టించాను. నీడ పోయిందని తిట్టుకుంటారు, తెలుసు. ఆ కొమ్మలు మాత్రం మళ్లీ పెరగనివ్వను.