పాత బండి షోరూముకా, బయటికా?

నెల్లూరు

బుజ్జమ్మకి,

నాయన ఆశీస్సులు. అల్లుడుగారినీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

కొత్త బండి కొనేటప్పుడు పాత స్విఫ్టుని అదే షోరూములో ఎక్స్ఛేంజికి ఇచ్చేద్దామా, బయట అమ్ముకుందామా అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. అంకెలున్నాయి కాబట్టి కాయితం మీద పెడుతున్నా.

షోరూములోకి పోగానే పాత బండి మాట ఎత్తొద్దు. కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఎంత, ఎక్స్ఛేంజి లేకుండా ఎంత తగ్గిస్తారు, ఈ రెండూ రాసిమ్మను. అది చేతికొచ్చాకే మన స్విఫ్టు సంగతి చెప్పు. ముందే చెప్పేస్తే రెండు ధరల్నీ కలిపి ఆడిస్తారు. పాతదానికి పెంచినట్టు చూపించి, ఆ పెంచింది కొత్తదాని డిస్కౌంటులో కోసేస్తారు.

లెక్క ఇట్టా ఉంటుంది, అంకెలు ఉదాహరణకే. కొత్త బండి ఆన్‌రోడ్ 10,40,000. ఎక్స్ఛేంజి లేకుండా 30,000 తగ్గించారు, 10,10,000 అయింది. ఎక్స్ఛేంజి అనగానే డిస్కౌంటు 15,000కి దిగింది. పాత బండి ఇస్తున్నందుకు బోనస్ 25,000 అన్నారు, పాత బండికి 3,60,000 కట్టారు. నువ్వు చేతి నుంచి కట్టాల్సింది 6,40,000. వాళ్ళేమో "మీ బండికి బోనస్‌తో 3,85,000 వచ్చింది మేడం" అంటారు. 10,10,000లోంచి 6,40,000 తీసెయ్, 3,70,000. నీ బండికి వాళ్ళు నిజంగా ఇచ్చింది అదే. బయటి ధరని పోల్చాల్సింది దీంతోనే.

బోనస్ షరతులు కూడా అడుగు. పాత బండి ఆర్సీ, కొత్త బండి బిల్లు ఒకే పేరు మీద గానీ ఇంట్లో వాళ్ళ పేరు మీద గానీ ఉండాలంటారు. కొన్నిచోట్ల పాత ఆర్సీ వేరేవాళ్ళ పేరుకి మారిన కాపీ చూపిస్తేనే బోనస్ ఇస్తారు. ఇంకోటి, బుకింగ్ నాడు కట్టిన రేటు డెలివరీ నాటికి "మళ్ళీ చెక్ చేయాలి" అని కోసే అలవాటుంది. ఫలానా తేదీ దాకా, ఇన్ని కిలోమీటర్ల దాకా ఈ రేటు మారదని బుకింగ్ ఫారం మీదే రాయించు.

షోరూమువాళ్ళు తక్కువిస్తున్నారని కోపం తెచ్చుకోబాకు. బండి అమ్ముడయ్యేదాకా వాళ్ళ డబ్బు ఇరుక్కుంటుంది, బాగుచేయించాలి, మిగిలిన లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. మనలాంటి వాళ్ళం ఒకరికొకరం అమ్ముకుంటే ఆ జీఎస్టీ లేదు. చాలాసార్లు షోరూము నీ బండిని తన దగ్గర ఉంచుకోదు కూడా. ఫొటోలు తీసి బ్రోకర్ల వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఎక్కువ చెప్పినవాడు తోలుకుపోతాడు. వాడి లాభం, షోరూము లాభం రెండూ నీ రేటులోంచే పోవాలి.

బయటి ధర తెలుసుకోవాలంటే ఇదే మోడలు, ఇదే సంవత్సరం, పెట్రోలు, ఫస్ట్ ఓనర్ బండ్లు ఒంగోలు, నెల్లూరు, విజయవాడల్లో ఎంతకి పెట్టారో ఓఎల్‌ఎక్స్‌లో చూడు. అవి అడిగే ధరలు, బేరం తెగేది వాటికంటే కిందే. కార్స్24, స్పిన్నీ లాంటి పాత కార్లు కొనే కంపెనీల చేత కూడా ఒక రేటు కట్టించు. అమ్మకపోయినా పర్వాలేదు, కింద ఒక అంకె తెలుస్తుంది. పోయినేడాది మీ ఆఫీసులో ఎవరో 4,80,000కి అమ్మారన్నావే, దాన్ని పట్టుకోబాకు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదీ దిగుతుంది. ఇన్సూరెన్స్ కాయితంలో ఐడీవీ అని, పాలసీ కోసం బండికి కట్టిన విలువ ఉంటుంది, అది కూడా మార్కెట్ ధర కాదు, దాన్ని చూపించి బేరమాడేవాళ్ళు వస్తారు.

నా మాట అడిగితే, తేడా పాతిక ముప్పై వేల లోపే ఉంటే షోరూముకే ఇచ్చెయ్. అంతకు మించితే రెండు మూడు ఆదివారాలు పెట్టుకుని బయట అమ్ము. ఆ తేడా ఊరికే వచ్చే డబ్బు కాదు, నీ తిరుగుడికీ తలనొప్పికీ కూలి.

బయట అమ్మేటట్టయితే బండి మీద పెద్ద ఖర్చు పెట్టబాకు. లోపలా బయటా శుభ్రం చేయించు, ఇంజను ఆయిల్ మార్పించు, ఏసీ చల్లగా లేకపోతే గ్యాసు చూపించు. మన ఎండలకి ఏసీ తేలిపోతే బేరం అక్కడే ఆగిపోతుంది. కొత్త టైర్లు వేయిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. గీతలకి పెయింటింగు అసలొద్దు. తెలిసినవాడు మందం కొలిచే మీటరు తెచ్చి రంగు మీద పెడతాడు, రెండో పూత దొరికితే యాక్సిడెంటు బండి అనుకుంటాడు.

చూడవచ్చే మెకానిక్కు ఎక్కడ వెతుకుతాడో ముందే తెలుసుకో. డిక్కీలో స్టెప్నీ తీసి కింద రేకు చూస్తాడు, కొత్తపట్నం వైపు తిరిగిన బండికి ఉప్పుగాలి తుప్పు అక్కడ పడుతుంది. గుద్దుకున్న బండేమోనని బానెట్ బోల్టులకి రెంచి గాట్లున్నాయా, తలుపుల రబ్బరు లాగితే వెల్డింగు చుక్కలు వరసగా ఉన్నాయా అని చూస్తాడు. టైరు మీద నాలుగంకెలు చదువుతాడు. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. నెల్లూరు బండి అంటే మునిగిందేమోనని అనుమానం తప్పదు, 2021 నవంబరులో పెన్న పొంగిన సంగతి అందరికీ తెలుసు. సీటు బెల్టుని చివరిదాకా లాగి మడతల్లో ఎండిన బురద ఉందేమో చూస్తాడు, సీటు కింద పట్టాలకి తుప్పుందేమో తడుముతాడు. మనది మునగలేదు, సర్వీసు బిల్లులన్నీ వరస తేదీల్లో పెట్టి వాడి ముందర పెట్టు. కిలోమీటర్ల మీటరు మార్చలేదని కూడా వాటితోనే రుజువవుతుంది. ఎడమ తలుపు సొట్ట సంగతి నువ్వే ముందు చెప్పెయ్. వాడు కనిపెడితే పదివేలు కోస్తాడు, నువ్వు చెప్తే రెండువేలతో పోతుంది.

టెస్ట్ డ్రైవుకి ఇచ్చేటప్పుడు లైసెన్సు తీసుకుని ఫొటో తియ్యి, నువ్వో అల్లుడుగారో పక్కన కూర్చోండి.

ఇక మోసాలు. "మిలిటరీలో ఉన్నా, అడ్వాన్సు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అంటారు. డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. దానికంటే తెలివైనది ఇంకోటుంది. ఒకడు ఫోన్లో నువ్వు చెప్పిన రేటుకే ఒప్పుకుంటాడు. "మా బావమరిది వచ్చి చూస్తాడు, వాడికి నేను డబ్బు బాకీ, రేటు మాత్రం వాడి దగ్గర ఎత్తకండి" అంటాడు. అవతల ఆ వచ్చేవాడికి "ఆ మేడం మా బంధువు, తక్కువకి ఇప్పిస్తా, రేటు నాతోనే మాట్లాడు" అని చెప్పి ఉంటాడు. వచ్చినవాడు బండి నచ్చి ఆ మూడోవాడి ఖాతాకి డబ్బు వేస్తాడు. నీకు పైసా రాదు, వాడు బండి ఇమ్మని గుమ్మంలో కూర్చుంటాడు. అందుకే బండి చూడవచ్చిన మనిషితోనే రేటు మాట్లాడు, ఆ మనిషి ఖాతా నుంచే నీ ఖాతాకి రావాలని చెప్పు.

డబ్బు ఆర్టీజీఎస్‌లో గానీ ఐఎంపీఎస్‌లో గానీ తీసుకో. వాడి ఫోన్లో స్క్రీన్‌షాట్ చూడబాకు, నీ బ్యాంకు యాప్ తెరిచి నిలవ చూడు. చెక్కు ఇస్తే నగదయ్యాకే తాళం. నోట్లు తెస్తానంటే రెండు లక్షలూ ఆ పైనా తీసుకోకూడదు, ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, పెనాల్టీ పడేది తీసుకున్నవాళ్ళకే.

అన్నిటికంటే ఆర్సీ ముఖ్యం, ఇక్కడ నిమ్మళంగా చదువు. షోరూమువాళ్ళయినా బ్రోకరయినా ఓనరు పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుంటారు, కొన్నవాళ్ళ పేరు, తేదీ గళ్ళు మాత్రం ఖాళీగా ఉంచుతారు. "మీకెందుకు, మేం చూసుకుంటాం" అంటారు. బ్రోకరు తన పేరు మీదికి మార్చుకుంటే ఒక ఓనరు పెరుగుతాడు, బండి రేటు తగ్గుతుంది. అందుకే అసలు కొనేవాడు దొరికేదాకా ఆ ఖాళీ కాయితాలతోనే తిప్పుతాడు. అన్నాళ్ళూ బండి నీ పేరు మీదే. చలాన్లు నీ ఫోనుకొస్తాయి. అది ఎవరినైనా గుద్దితే కోర్టు నోటీసు నీకే. బండి మూడు నాలుగు చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాళ్ళే ఓనరు, పరిహారం బాధ్యత వాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మినట్టు రాసుకున్న కాయితం ఒక్కటే ఉంటే చాలదు.

కాబట్టి ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. కొన్నవాళ్ళ పేరు, చిరునామా, తేదీ నింపాకే పెట్టు, ప్రతి కాయితానికీ ఫొటో తీసుకో. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలన్నది చట్టం. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో పెట్టేటప్పుడు ఓటీపీ ఆర్సీలో ఉన్న నంబరుకి వస్తుంది, నీ పాత నంబరుంటే ఇప్పుడే మార్పించు. బ్యాంకు లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అట్టాగే ఉండిపోతుంది. ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాయితం) పెట్టి ముందుగా దాన్ని తీయించు, ఎన్‌ఓసీకి గడువుంటుంది, తేదీ చూసుకో.

షోరూముకిస్తే, పాత బండ్ల డీలరుగా ఆర్టీవో ఇచ్చిన అధికారపత్రం ఉందా అని అడుగు. 2023 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి వచ్చింది. అది ఉన్నవాళ్ళకి బండి అప్పజెప్పినట్టు ఫారం 29సీతో పోర్టల్లో నమోదైతే, అక్కడినుంచి బాధ్యత వాళ్ళది. ఆ రసీదు ప్రింటు తీసుకో. అందరి దగ్గరా ఉండదు. లేకపోతే ఆర్సీ మారేదాకా 10,000 ఆపుతానని బేరం పెట్టు.

చెన్నై నుంచి ఎవరైనా వస్తే రేటు రవ్వంత ఎక్కువే చెప్తారు గానీ, వాళ్ళకి ఫారం 28 మీద ఆర్టీవో ఎన్‌ఓసీ కావాలి, అక్కడ మళ్ళీ పన్ను కట్టి నంబరు మార్చుకోవాలి. పూర్తి డబ్బు పడకముందు ఎన్‌ఓసీకి పెట్టబాకు. అది తీశాక వాళ్ళు మనసు మార్చుకుంటే రద్దు చేయించేదాకా ఆ బండిని ఇక్కడ అమ్మలేవు.

బండి ఇచ్చేనాడు డెలివరీ నోటు రెండు కాపీలు రాసుకోండి. తేదీ, గంట, నిమిషం, మీటరు రీడింగు, ఇంజను, ఛాసిస్ నంబర్లు, మొత్తం, వాళ్ళ ఆధార్ కాపీ, ఇద్దరి సంతకాలు. ఫాస్టాగ్ అదే రోజు బ్యాంకుకి చెప్పి మూయించు, లేకపోతే టోలుగేటు దాటినప్పుడల్లా నీ ఖాతాలోంచే పోతుంది. స్టీరియోలో మీ ఫోన్ల పేర్లు తుడిచెయ్.

ఇన్సూరెన్స్ పాలసీ బండితో పోతుంది, క్లెయిము చేయనందుకు ఇచ్చే తగ్గింపు, ఎన్‌సీబీ అంటారు, అది నీతో వస్తుంది. అయిదేళ్ళుగా క్లెయిము లేదు కాబట్టి నీకు 50 శాతం ఉంది. అమ్మిన కాయితాలు చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటరు తీసుకో, మూడేళ్ళ దాకా చెల్లుతుంది. కొత్త బండి ఓన్ డ్యామేజి, అంటే మన బండికే దెబ్బ తగిలితే ఇచ్చే భాగం, ఆ ప్రీమియంలో సగం తగ్గుతుంది. షోరూములో ఇన్సూరెన్స్ కట్టేవాళ్ళు దీని గురించి నోరెత్తరు, నువ్వే అడగాలి.

రెండో తాళం మన బీరువాలో ఉంది. అది లేకపోతే కొనేవాళ్ళు అయిదారువేలు కోసేస్తారు. శనివారం మీ అమ్మ ఒంగోలు వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతా. ఒరిజినల్ ఇన్‌వాయిసు కూడా అదే కవరులో పెడుతున్నా.

ఇట్లు,
మీ నాయన